కంప పెట్టిన ఇల్లు

భూపాలపల్లి జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు నన్ను ఇంగ్లిష్ లెక్చరర్‌గా బదిలీ చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు జూన్ రెండో వారంలో నా చేతికందింది. కొత్త జిల్లాలు ఏర్పడి అప్పటికి కొన్నేళ్లయింది. అంతకుముందు జనగామలోనూ, ఆ తర్వాత మహబూబాబాద్‌లోనూ పనిచేశాను. రిటైర్‌మెంట్‌కు ఇంకా నాలుగేళ్లు కూడా లేవు. ఈ వయసులో ఇదేం బదిలీ అని వారం రోజులు ఇంట్లో సణిగాను. సణిగితే ఏమొస్తుంది? సర్వీసులో ఉన్నవాడికి రిలీవింగ్ ఆర్డరు, జాయినింగ్ రిపోర్టు, ఈ రెండే నిజం. మిగతాదంతా నోటి తీట.

మాది జనగామ జిల్లా కొడకండ్ల. పొలం, బావి, పాలేర్లు ఉన్న ఇల్లు. ఈ వివరం గొప్పకు చెప్పడం లేదు. తర్వాత జరిగినదాంట్లో దీనికి పాత్ర ఉంది, అందుకని చెబుతున్నాను.

డిగ్రీ కాలేజీ లెక్చరర్ గెజిటెడ్ హోదా గల ఉద్యోగి. మామూలు మాటల్లో చెప్పాలంటే ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టగలిగినవాడు. విద్యార్థులు తమ మార్కుల మెమో, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకొని మా దగ్గరికి వస్తారు. అసలు ప్రతితో సరిచూశానని ముద్ర కొట్టి సంతకం చేయాలి. ఇప్పుడు ఎవరిది వాళ్లే సంతకం చేసుకుంటే చాలంటున్నారు గానీ, కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తా ఊరుకుంటాడా? ఆకుపచ్చ సంతకం కావాల్సిందే. స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో పొద్దున్నుంచి అదే పని. సరిచూసేవాణ్ణా అంటే, మొదటి పదేళ్లు చూసేవాణ్ణి. ఆ తర్వాత పిల్లల మొహం చూసి పెట్టేసేవాణ్ణి. ఆ సంతకాల్లో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. వచ్చింది వేరే సంతకంతో.

చేరిన మొదటి ఏడాదే ఫిబ్రవరిలో నాకు గణన డ్యూటీ పడింది. ఘనపూర్ అవతల ఒక కొత్త చెరువు కట్టబోతున్నారు. దాని కింద కొన్ని తండాలు మునుగుతాయి. మునిగే ఇళ్లవాళ్లకు వేరేచోట కాలనీలో స్థలమిచ్చి ఇల్లు కట్టిస్తారు. అలా ఇవ్వాల్సినవాళ్ల లెక్క తీయడం మా పని. ప్రాథమిక పాఠశాల టీచర్లు ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుతారు. కాలేజీ లెక్చరర్లు సూపర్‌వైజర్లుగా వెంట ఉండి, ప్రతి ఫారం కింద సంతకం చేస్తారు. నా కింద పెట్టిన టీచరు పేరు సోమయ్య. నలభై ఏళ్ల మనిషి, ఆ తండాల బళ్లలోనే పనిచేసి లంబాడీ భాష పట్టుబడినవాడు.

ఫారంలో ఇంటి స్థితి అని ఒక గడి. అందులో అంకె వేయాలి. మనుషులుంటే ఒకటి. తాళం ఉంటే రెండు. ఎవరూ నివాసం లేకపోతే మూడు. రెండు వేసిన ఇంటికి వారం లోపల సూపర్‌వైజరు స్వయంగా మళ్లీ వెళ్లాలి. అప్పుడూ తాళమే ఉంటే పక్కింటివాళ్ల వాంగ్మూలం రాసుకొని ఆ కుటుంబాన్ని జాబితాలో చేర్చాలి. మూడు వేసిన ఇంటి సంగతి ఆ రోజుతోనే ముగుస్తుంది. శిక్షణలో ఈ నిబంధన రెండుసార్లు చదివి వినిపించారు.

తండాలో నలభైకి తక్కువే ఇళ్లు. నా కారు తారు రోడ్డు దగ్గరే ఆపి, సోమయ్య మోటారు సైకిల్ వెనక కూర్చొని వెళ్లాను. ఫిబ్రవరే అయినా ఎండ మాడ్చేస్తోంది. చాలా ఇళ్లల్లో ముసలివాళ్లే ఉన్నారు. వయసువాళ్లంతా ఖమ్మం వైపు మిరపతోటలకు కూలికి వెళ్లారు. ఏటా జనవరిలో పోయి ఉగాదికి వస్తారు. ముసలమ్మో ముసలయ్యో ఇంట్లో ఉంటే చాలు, ఒకటి వేసి ముందుకు పోయాం.

చివరి వరుసలో ఒక ఇంట్లో ఎవరూ లేరు. మట్టిగోడలు, పెంకులు. తలుపు దగ్గరికి వేసి ఉంది గానీ తాళం లేదు. గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టి ఉంది.

కంప అంటే ఏమిటో నాకు తెలియదా? మా కొడకండ్లలో పాలేర్ల ఇళ్లకు తాళాలెక్కడివి? పది రోజులు ఊరు విడిచి పోవాల్సి వస్తే వాకిలికి కంప పెట్టి పోయేవాళ్లు. మేకలు జొరబడకుండా ఒకటి, మనుషులకు కబురుగా ఒకటి. మేం పోయినం, మళ్లీ వస్తం, ముట్టకుండ్రి అని దానర్థం. కంప తీసి లోపలికి పోయిన మనిషికి ఊళ్లో మర్యాద ఉండేది కాదు. ఇదంతా చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణే.

తలుపు సందులోంచి లోపలికి చూశాను. గూట్లో బోర్లించిన గిన్నెలు. గోడకు ఎరువుల దుకాణంవాళ్లిచ్చిన ఆ ఏటి క్యాలెండర్, జనవరి పేజీ మీద ఉంది. పక్కింటి ముసలామె లంబాడీలో ఏదో చెప్పింది.

"కూలికి పోయిండ్రట సార్. ఉగాదికొస్తరట. ముసలవ్వ పోయినేడు సచ్చిపోయిందట, గందుకే ఇంట్ల ఎవ్వరుంచలే," అన్నాడు సోమయ్య. ఆగి, "రెండు ఏద్దామా సార్?" అని అడిగాడు.

రెండు వేస్తే వారంలో నేను మళ్లీ రావాలి. ఆ దుమ్ములో, ఆ బండి వెనక. పైగా కాలేజీలో ప్రాక్టికల్స్ గడబిడ. "రెండంటే తాళం. తాళమేది?" అన్నాను.

"తాళం లేదు గని, కంప ఉన్నది గద సార్."

"ఫారంలో కంపకు అంకె లేదు సోమయ్యా. మూడు వెయ్యి."

అతను నా మొహం వంక ఒక్క క్షణం చూసి మూడు వేశాడు. నేను కింద సంతకం చేసి ముద్ర కొట్టాను. యజమాని పేరు పక్కింటామె చెబితే రాశాడు. ఆ పేరు నేను చదవను కూడా చదవలేదు.

తర్వాతి విద్యా సంవత్సరం రెండో ఏటి పిల్లలకు ఇంగ్లిష్‌లో నాన్-డిటైల్డ్ కింద ఒక నవల సంక్షిప్త ప్రతిని పెట్టారు. నాన్-డిటైల్డ్ అంటే వాక్యం వాక్యం విడదీసి చెప్పక్కరలేని పుస్తకం, కథ తెలిస్తే చాలు. కోర్టు నవల. ఏదో చలిదేశపు నగరం. ఒక పాత కట్టడంలో తలదాచుకున్న పేదజనాన్ని అందులోంచి తరిమేసి దాన్ని కూల్చేస్తారు. వీధిన పడ్డ ఆ జనం తరఫున ఒక లాయరమ్మ కేసు వేస్తుంది. కోర్టు సమన్లు పంపుతుంది. చిరునామాదారు లేరని అవి తిరిగి వస్తాయి. ఇల్లు లేదని కేసు వేసినవాళ్లకు ఇంటి చిరునామాకు సమన్లు! ఇలాగే మూడుసార్లు కేసు కొట్టేస్తారు. చివరికి ఆ లాయరమ్మ ఒక పాత ఫైలు తవ్వి తీస్తుంది. కూల్చడానికి ముందు ఆ కట్టడాన్ని చూడవచ్చిన నగరపాలక ఇన్‌స్పెక్టరు అందులో ఒకే మాట రాసి ఉంటాడు: ఖాళీ.

రిజిస్టర్‌లో ముప్పై మంది, బెంచీల మీద పదిహేను మంది, అది మా తరగతి. ఒక పేరా ఇంగ్లిష్‌లో చదవడం, తెలుగులో చెప్పడం, మళ్లీ ఇంగ్లిష్‌లోకి రావడం, ఇదే మా పద్ధతి. పిల్లలకు ఆ పుస్తకం మీద గొప్ప ప్రేమేమీ లేదు. బజారు గైడులో ప్రశ్నలు, జవాబులు ఉండనే ఉన్నాయి. ఒక్క సుజాత మాత్రం గైడు కొనలేదు. లంబాడీ పిల్ల, హాస్టల్లో ఉండి చదివేది. ముందు ఏడాది ఆమె సర్టిఫికెట్ల జిరాక్సుల మీద నేనే సంతకం చేశాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఈ నవల మొదలుపెట్టాక ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరు ఏ రోజు వెళ్లాడు? వెళ్లినప్పుడు లోపల ఎవరున్నారు? ఖాళీ అని రాయాలంటే ఏ నిబంధన ఉంది? సంక్షిప్త ప్రతిలో ఇవేవీ ఉండవమ్మా అని నవ్వాను.

నవంబర్‌లో పుస్తకం ముగిసింది. పాఠం ముగిశాక పిల్లలతో చిన్న నాటకంలా ఏదైనా చేయించడం నాకు అలవాటు. తరగతిలో కోర్టు పెట్టాను. జడ్జిగా ఒకణ్ణి కూర్చోబెట్టాను. లాయరమ్మ ఎవరని అడిగితే సుజాత చెయ్యెత్తింది. ఇన్‌స్పెక్టరు పాత్రకు ఎవరూ రాలేదు. "విలన్ వేషం మాకొద్దు సార్, మీరే కూసోండ్రి," అన్నారు. సరేనని నల్లబల్ల పక్కన కుర్చీ వేసుకొని నేనే బోనులో కూర్చున్నాను. సరదాగానే ఉంది.

సుజాత మొదట ఇంగ్లిష్‌లోనే అడిగింది. పుస్తకంలోవే నాలుగు ప్రశ్నలు, కంఠతా పట్టినవి. తర్వాత తెలుగులోకి వచ్చింది. మా తరగతిలో అందుకు అభ్యంతరం లేదు.

"మీరు పోయిన్నాడు ఆ ఇంటికి తాళం ఉండెనా సార్?"

నవలలో తాళం మాటే లేదు. లేదన్నాను.

"మరి తలుపుకు ఏమన్న అడ్డముండెనా?"

"ఏమీ లేదు."

"కంప లేకుండెనా సార్?"

తరగతి గొల్లున నవ్వింది. "ఓ సుజాతా, ఆ దేశంల కంపలేడియే!" అని వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. ఆ పిల్ల నవ్వలేదు. నోట్‌బుక్కులోంచి మడత పెట్టిన ఒక కాగితం తీసి, కోర్టులో లాయర్లు సాక్షి ముందు దస్తావేజు పెట్టినట్టు నా ముందు పెట్టింది.

"జర గీ కాయితం చూడుండ్రి. కిందున్న సంతకం మీదేనా?"

ఫారం జిరాక్సు. సమాచార హక్కు కింద తీసుకున్నట్టు పైన ముద్ర. ఇంటి స్థితి గడిలో మూడు. కింద తోక సాగిన నా సంతకం, పేరు, హోదాతో సహా నా ముద్ర. జిరాక్సులో ఆకుపచ్చ సిరా నల్లగా పడింది. యజమాని పేరు దగ్గర, ఆనాడు నేను చదవని చోట, సుజాత హాజరు పట్టీలో తండ్రి పేరుగా నెలనెలా నా కళ్లముందు పడే పేరే ఉంది.

పిల్లలు ఇంకా నవ్వుతున్నారు. వాళ్లకిది నాటకంలో భాగం. నాదేనని ఒక్క మాట అనాలి. అనలేదు. ఆ క్షణాన నేనన్నది నవలలో ఇన్‌స్పెక్టరు బోనులో చెప్పే మాట, ఇంగ్లిష్‌లో, ఉన్నదున్నట్టు: నేను తలుపు తట్టాను, ఎవరూ తీయలేదు.

సరిగ్గా సమయానికి సరైన సంభాషణ పడిందని పిల్లలు చప్పట్లు కొట్టారు. సుజాత కాగితం మడిచి నోట్‌బుక్కులో పెట్టుకుంది. ఇక ప్రశ్నలు లేవని జడ్జికి ఇంగ్లిష్‌లో చెప్పి తన బెంచీలో కూర్చుంది. గంట కొట్టారు.

ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మిమ్ముల బద్నాం చెయ్యాల్నని కాదు సార్. పిల్లలకు తెల్వది, నేను చెప్ప. ఆ పుస్తకం సదివినంక ఇంటి కాయితం ఎవలు రాసిండ్రో తెలుసుకోవాలె అనిపిచ్చింది. దరఖాస్తు పెడితే గిది వచ్చింది. సంతకం సూడంగనే గుర్తువట్టిన. నా మెమోల మీదున్నది గదే గద."

సంగతి మెల్లగా చెప్పింది. ఆగస్టులో పంచాయతీ గోడకు జాబితా అంటించారు. వాళ్ల పేరు లేదు. తండాలో మిగతా అందరి పేర్లూ ఉన్నాయి. తండ్రి లచ్చు అర్జీ పెట్టుకున్నాడు. ఫారంలో నివాసం లేదని ఉంది, సంతకం చేసిన సూపర్‌వైజరే తప్పు పడిందని రాసిస్తే తప్ప మార్చలేమని ఆఫీసులో చెప్పారు. దసరా తర్వాత తండా ఖాళీ చేయించారు. జాబితాలో ఉన్నవాళ్లు కాలనీకి పోయారు. వీళ్ల ఇల్లు కూడా అందరి ఇళ్లతో పాటే నేలమట్టమైంది. తల్లిదండ్రులు, తమ్ముడు రోడ్డు పక్కన పరదా కట్టుకొని ఉన్నారు.

"ఒక్క కాయితం రాసియ్యుండ్రి సార్. డిసెంబర్ ఆఖరు దాంక టైమున్నదట. గది దాటితే లిస్టు బందయితదట."

రాసిస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఎంత సిగ్గుపడ్డానో కూడా చెప్పాను. ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది. సిగ్గుతో ఆమెకు పనేముంది? ఆమెకు కావాల్సింది కాగితం.

ప్రభుత్వోద్యోగి పై ఆఫీసుకు ఏం రాసినా తన కార్యాలయాధికారి ద్వారానే రాయాలి. అంటే మా ప్రిన్సిపాల్ మేడమ్ ద్వారా. విషయం చెప్పాను. ఆమె చెడ్డ మనిషేమీ కాదు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"సార్, తప్పు సంతకం పెట్టిన అని మీ చేతితోని రాసిస్తున్నరు. ఛార్జి మెమో ఇస్తరు. ఎంక్వయిరీ అంటరు. రిటైరయ్యేనాటికి అది తెగకుంటె పెన్షన్ ఆపుతరు. పిల్ల మీద జాలి నాకు లేదా? జర ఆలోచన చేసి రాయుండ్రి."

ఆలోచన! అదే నా కొంప ముంచింది. కాదు, నా కొంప ఏమీ మునగలేదు. వాళ్లది మునిగింది.

మొదటి చిత్తుప్రతిలో, గణకుడు తెలియజేసిన వివరాల మేరకు సంతకం చేశానని రాశాను. అంటే నేరం సోమయ్య మీదికి నెట్టాను. రెండు ఏద్దామా అని అడిగిన మనిషి మీదికి! రెండు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకు తిరిగి చింపేశాను. రెండో ప్రతిలో, ఆ రోజు క్షేత్ర పరిస్థితుల వల్ల అని రాశాను. క్షేత్ర పరిస్థితులంటే ఏమిటి? ఎండ, నా బద్ధకం. అదీ చింపాను. ఈలోగా సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి. నేను చీఫ్ సూపరింటెండెంట్‌ను, ప్రశ్నపత్రాల కట్టలకు కాపలా. పరీక్షలయ్యాక రాద్దామనుకున్నాను. మింగలేక కక్కలేక అంటారే, ఆ నెలంతా అలాగే గడిచింది. వరండాలో సుజాత ఎదురైతే చూపు తిప్పుకునేవాణ్ణి. ఆమె ఒక్కసారి మాత్రం, "తారీకు గుర్తున్నదా సార్?" అని అడిగింది. గుర్తుందమ్మా అన్నాను. అబద్ధం కాదు, గుర్తుంది.

చివరికి డిసెంబర్ ఇరవై దాటాక మూడో ప్రతి రాశాను. అందులో నిజమే రాశాను. కంప ఉందని, దాని అర్థం నాకు తెలుసని, కుటుంబం ఉగాదికి వస్తుందని పక్కింటివారు చెప్పారని, రెండు వేయాల్సిన చోట మూడు వేయించానని. ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను. ఆమె సెలవులో ఉంది. క్రిస్మస్ సెలవులు కలిసొచ్చాయి.

ఇక్కడ ఉద్యోగంలో లేనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కాగితం పై ఆఫీసుకు క్రమమార్గంలో పోవాలన్నది నిజమే. కానీ గడువు దగ్గరపడినప్పుడు అడ్వాన్స్ కాపీ అని ఒకటి ఉంటుంది. అసలు ప్రతి ప్రిన్సిపాల్ ద్వారా పంపుతూ, ఒక నకలు నేరుగా మనమే వెళ్లి ఇచ్చి రావచ్చు. నా ఇంక్రిమెంటు ఆగినప్పుడు, నా బదిలీ రద్దు కోసం, నా ప్రావిడెంట్ ఫండ్ రుణం కోసం ఎన్నిసార్లు అడ్వాన్స్ కాపీ చేతపట్టుకొని ఆఫీసుల గుమ్మాలెక్కానో లెక్కలేదు. ఆ ఆఫీసు మా కాలేజీకి బస్సులో గంట దూరం. నేను వెళ్లలేదు. కాగితం పెట్టాను కదా, నా వంతు అయిపోయింది అనుకున్నాను. ఆలస్యమైతే ఆ పాపం నాది కాదు, కార్యాలయానిది అవుతుందన్న లెక్క కూడా మనసులో ఎక్కడో ఉంది. ఉంది, ఒప్పుకుంటున్నాను.

ప్రిన్సిపాల్ మేడమ్ జనవరి మొదటి వారంలో వచ్చి, ఒక్క మాట మార్చకుండా ఆ రోజే పంపింది. పది రోజులకు జవాబొచ్చింది. రెండే వాక్యాలు. తుది జాబితా ప్రచురితమైనది. గడువు ముగిసినందున పరిశీలించుటకు వీలులేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ కాగితం చేతిలో పెట్టుకొని తెలుసుకున్నాను.

జవాబు సుజాతకు చూపించాను. పూర్తిగా చదివింది. కోపంతో ఏమన్నా అంటుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండునని కూడా అనుకున్నాను. "గిది జిరాక్సు తీసుకుంట సార్," అని మాత్రం అంది. తీసుకొని, అసలు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లింది.

ఆ తర్వాత ఆమె పైకి ఇంకో అర్జీ పెట్టింది. దానికి నా ఉత్తరం కూడా జతచేసింది. జవాబు రాలేదు. తల్లిదండ్రులు రోడ్డు పక్క నుంచి లేచి మహబూబాబాద్‌లో చుట్టాల వాకిట్లోకి పోయారు. అక్కడ హమాలీ పని. సెలవులకు హాస్టల్ మూసేటప్పుడు, ఎక్కడికి పోతావని వార్డెన్ రాయించుకునే పుస్తకంలో ఆ పిల్ల ఒక్కోసారి ఒక్కో ఊరు రాసేదని విన్నాను.

ఫిబ్రవరిలో ఇంటర్నల్ పరీక్ష. ఇంటర్నల్ అంటే ప్రశ్నపత్రం మేమే ఇచ్చి మేమే దిద్దుకునేది. పోయిన సెమిస్టర్‌లోని నవల మీద కూడా ఒక ప్రశ్న ఇచ్చాను: ఆ జనం వీధిన పడటానికి కారకులెవరు? ఏమాశించి ఇచ్చానో నాకే తెలియదు. సుజాత జవాబు పేపరు అందరికంటే ముందు తీసి చదివాను. నగరం, వ్యాపారం, చట్టం అంటూ నాలుగు వాక్యాలు రాసింది. ఇన్‌స్పెక్టరు ప్రస్తావనే లేదు. ఆ నాలుగు వాక్యాలూ బజారు గైడులోవి. ఏడాదంతా గైడు ముట్టని పిల్ల. జవాబు సరైనదే కాబట్టి పూర్తి మార్కులు వేశాను.

ఛార్జి మెమో మాటంటారా? రాలేదు. ఎంక్వయిరీ లేదు, సంజాయిషీ లేదు. నా ఉత్తరాన్ని అసలెవరైనా చదివారో లేదో అనుమానమే. నేను భయపడ్డది ఏదీ జరగలేదు. తర్వాత రిటైరయ్యాను, పెన్షన్ మొదటి నెల నుంచే సక్రమంగా వస్తోంది.

సుజాత మూడో ఏడు ముగిశాక బదిలీ సర్టిఫికెట్ కోసం వచ్చింది. లచ్చు కూడా వెంట ఉన్నాడు. ఆ మనిషిని చూడటం నాకదే మొదలు. సన్నగా, ఎండిపోయి ఉన్నాడు. ఆఫీసులో గుమాస్తా ఫారం నింపుతూ శాశ్వత చిరునామా అడిగాడు. సుజాత పాత తండా పేరు చెప్పింది. అది నీళ్లలో ఉంది కదమ్మా అన్నాడు గుమాస్తా. "గదే రాయుండ్రి," అంది. అతను అదే రాశాడు.

బయట వరండాలో లచ్చు నాకు చేతులెత్తి మొక్కాడు. నేను చేతులు పట్టుకున్నాను. నా వల్లే ఇదంతా జరిగిందని, ఆనాడు రెండు వేయించి ఉంటే ఇల్లొచ్చేదని చెప్పబోయాను. అతను చెప్పనివ్వలేదు.

"మీరేం జేస్తరు సారు? గలతీ మాదే. ఒక్క తాళం కొనుక్కుంటే అయిపోతుండె. తాత ముత్తాతల కాలం సంది కంప పెట్టి పోయినం, ఎవ్వలు ముట్టలే. గట్లనే అనుకున్నం. ఇప్పుడు కాలనీల అందరు తాళాలు కొన్నరు. మిర్పకాయకు పోయినప్పుడు ఏసి పోతుండ్రు." కూతురి వంక చూసి, "మాకు తాళం ఏసేతందుకు తలుపే లేకపాయె," అన్నాడు.

అతను వెటకారంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడంతే. సుజాత సర్టిఫికెట్ కవర్లో పెట్టుకొని, "పోదాం బాపు, బస్సొస్తది," అంది. నాతో పోయొస్తానని చెప్పలేదు. ఆ ఇద్దరూ గేటు దాటేదాకా చూసి లోపలికి వచ్చాను. సంతకాల కోసం జిరాక్సులు పట్టుకొని బల్ల దగ్గర పిల్లలు నిలబడి ఉన్నారు.

ఈ ఉదంతం నాకేం నేర్పిందని ఎవరైనా అడిగితే కొత్త సంగతులేమీ చెప్పలేను. కంప అంటే ఏమిటో నాకు ముందే తెలుసు. రెండోసారి వెళ్లాలన్న నిబంధన తెలుసు. అడ్వాన్స్ కాపీ సంగతి తెలుసు. గడువు తేదీ కూడా తెలుసు. ఇన్నాళ్లూ దీన్ని నలుగురికీ చెప్పేటప్పుడు పొరపాటు అంటూ వచ్చాను. తెలియక చేసినదాన్ని పొరపాటు అంటారు. ఇది అది కాదు.